పాత నూనె పిరం, కొత్త నూనె అగ్గువ: యూరప్ బయోఇంధనాల కత

ఊరి అడ్డ మీద మిర్చి బండి ఉంటది. పొద్దుగాల పోసిన నూనె రాత్రి దాక మరుగుతనే ఉంటది, నల్లగయితది. ఆ నల్ల నూనెకు ధరెంత అని ఎవరన్న అడిగితే నవ్వుతం. కని గత కొన్నేండ్లల్ల ఆసియా మార్కెట్ల ఒక గమ్మత్తు జరిగింది. వాడి పక్కకు పెట్టిన వంటనూనె ధర, మిల్లు నుంచి అప్పుడే దిగిన తాజా పామాయిల్ ధర కంటె ఎక్కువ పలికిన రోజులున్నయి. పాతది పిరం, కొత్తది అగ్గువ. ఏ అంగట్ల జూసినం ఇసొంటి బేరం?

దీనికి కారణం కడాయిల లేదు, నూనెల లేదు. యూరోపియన్ యూనియన్ రాసుకున్న ఒక చట్టం వెనుక అంటించిన జాబితాల ఉన్నది. ఏ ముడిసరుకుతో ఇంధనం చేస్తే ఎంత లెక్క గట్టాలె అని చెప్పే జాబితా అది. అండ్ల 'వాడిన వంటనూనె' అన్న మాట పడ్డది. ఆ మాట పడుడుతోటే చైనా హోటళ్ల నుంచి, ఇండోనేషియా నుంచి, మలేషియా నుంచి పీపాలకు పీపాలు సముద్రం మీద కదిలినయి.

తమ్ముళ్లు, చెల్లెళ్లు, మన దిక్కు ఇప్పుడు ఇథనాల్ ఫ్యాక్టరీల మీద రాత్రింబవళ్లు లొల్లి నడుస్తున్నది. అందుకే ఈ బాటల మనకన్న ముందుగాల నడిచిన యూరప్ కత ఒకసారి విప్పి చూద్దాం. వాళ్లు ఎక్కడ తప్పిండ్రు, ఎక్కడ సరిజేసుకున్నరు, ఎక్కడ ఇప్పటికీ కండ్లు మూసుకుంటున్నరు. నేను కాలేజీల కెమిస్ట్రీ చదివినోణ్ని కాదు. తెలుసుకున్నంత సాదాగ చెప్త.

పల్లి నూనెతో నడిచిన ఇంజన్

మొక్కల నూనెతో బండి నడుపుడు కొత్త ఆలోచన కాదు. 1900ల ప్యారిస్ ప్రపంచ ప్రదర్శనల ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను పల్లి నూనె పోసి నడిపిండ్రు. దాని వెనుక ఫ్రెంచి సర్కారు ఉన్నది. ఆఫ్రికల వాళ్ల వలసల్ల పల్లి మస్తుగ పండేది, బొగ్గు, కిరోసిన్ లేకుండనే అక్కడ యంత్రాలు నడుపుకుందామని వాళ్ల లెక్క. అంటె మొదటి రోజు నుంచే ఈ కతల మూడు ముక్కలున్నయి: ఇంజన్ ఒక దేశానిది, పంట ఇంకో దేశానిది, లెక్క సర్కారుది.

తర్వాత పెట్రోలియం అగ్గువ దొరికింది, పల్లి నూనెను అందరు మరిచిపోయిండ్రు. మళ్ల గుర్తుకొచ్చింది 1990లల్ల. అప్పుడు యూరప్ల ధాన్యం ఎక్కువై గోదాములు నిండినయి. 1992ల వ్యవసాయ విధానం మార్చి, పెద్ద రైతులు కొంత భూమి పడావు పెడితేనే సాయం ఇస్తమన్నరు. కని ఆ పడావు భూమిల తిండికి కాని పంట వేసుకోవచ్చన్నరు. రైతు ఊకుంటడా? రేప్‌సీడ్ వేసిండు. ఇది మన ఆవాలకు దగ్గరి చుట్టం. ఏప్రిల్, మే నెలల్ల జర్మనీ, ఫ్రాన్స్ పొలాలు పచ్చని పసుపు ముద్దలెక్క కనవడతయి, గా పువ్వు దీనిదే.

2003ల యూరప్ మొదటి బయోఇంధనాల చట్టం తెచ్చింది. రవాణా ఇంధనంల 2005 కల్ల 2 శాతం, 2010 కల్ల 5.75 శాతం మొక్కల నుంచి రావాలని అండ్ల ఉన్నది. అప్పటికి అది గట్టి ఆదేశం కాదు, గురి మాత్రమే. 2009ల వచ్చిన చట్టం గట్టిది. 2020 కల్ల ప్రతి దేశం రవాణాల 10 శాతం పునరుత్పాదక ఇంధనం చూపించాలె అన్నది.

ఇక్కడ ఒక్క ముచ్చట బాగ అర్థం చేసుకోవాలె. మక్కలకు గిరాకి ఉంటె ధర పెరుగుతది, లేకుంటె పడ్తది. బయోడీజిల్ అట్ల కాదు. దాన్ని కావాలని అడిగే మనిషి లేడు. మామూలు డీజిల్ కంటె అది ఎప్పుడూ పిరమే. ఆయిల్ కంపెనీలు ఇంత కలపాలె, కలపకుంటె జరిమానా కట్టాలె అని సర్కారు అంటది. జరిమానా భయమే గిరాకి. అది ఎంత పెద్దదైతే బయోడీజిల్ కు అంత ధర పెట్టడానికి కంపెనీ తయారైతది. చివరికి ఆ పైసలు కట్టేది పంపు కాడ నిలబడ్డ మనిషే.

కుండల ఏం జరుగుతది

మూడు నాలుగు తీర్ల తయారు చేస్తరు. మొదటిది బయోడీజిల్. మొక్క నూనె చిక్కగుంటది, చలికి గడ్డకడ్తది, ఇంజన్ల జాలి మూసుకపోతది. అందుకని నూనెల మెథనాల్ పోసి, కాస్టిక్ సోడా అసొంటి మందు కలిపి వేడి చేస్తరు. నూనె రెండు ముక్కలైతది. పలుచనిది పైకి తేల్తది, అదే బయోడీజిల్. అడుగుకు దిగేది గ్లిజరిన్, సబ్బులకు, మందులకు పోతది. వంద కిలోల నూనె, పదీ పదకొండు కిలోల మెథనాల్ పెడితే దాదాపు వంద కిలోల బయోడీజిల్, పది కిలోల గ్లిజరిన్ వస్తది. చిన్న షెడ్డుల సుత చేయొచ్చు. యూరప్ పంపులల్ల మామూలు డీజిల్ల ఇది 7 శాతం దాక కలుస్తది.

రెండోది హెచ్‌వీఓ. ఇక్కడ మెథనాల్ లేదు. నూనెను, కొవ్వును పెద్ద ఒత్తిడి మీద హైడ్రోజన్‌తో కొడ్తరు. వచ్చేది రసాయనంగ అసలు డీజిల్ లాంటిదే, ఎంతైన కలుపుకోవచ్చు, చలికి తట్టుకుంటది. ఫిన్లాండ్ కంపెనీ నెస్టే 2007ల పోర్వోల మొదలుపెట్టి, తర్వాత సింగపూర్ల, రోటర్‌డ్యామ్ల పెద్ద పెద్ద ప్లాంట్లు కట్టింది. ఇటలీ కంపెనీ ఎని తన పాత వెనిస్ రిఫైనరీని 2014ల దీనికే మార్చింది. కని ఇది షెడ్డుల అయ్యే పని కాదు. వేల కోట్ల పెట్టుబడి కావాలె. అంటె బయోడీజిల్ చేసే చిన్నోని చేతి నుంచి పని జారి రిఫైనరీ పెద్దోని చేతికి పోయింది. ఈ మార్పు మీద మాట్లాడెటోళ్లు తక్కువ.

జర్మనీలనే చూడుండ్రి. 2006 దాక అచ్చమైన బయోడీజిల్ మీద, రేప్‌సీడ్ నూనె మీద ఇంధన పన్ను లేకుండె. ఊర్లల్ల వందల చిన్న గానుగలు లేచినయి. రైతు గింజ తెచ్చి ఆడించుకుంటడు, నూనె ట్రాక్టర్‌కు, చెక్క బర్రెకు. వంద కిలోల గింజల నలభై కిలోలకు పైగ నూనె, మిగిలింది చాలా మట్టుకు దాణానే. 2006ల చట్టం మార్చి పన్ను మొదలుపెట్టిండ్రు, పంపుల కలుపుడు తప్పనిసరి చేసిండ్రు. సర్కారు ఖజానాకు నష్టం తగ్గింది. అచ్చం నూనె అమ్మే మార్కెట్ కొన్నేండ్లల్లనే కూలింది, గానుగలు చాలా మూతపడ్డయి. గిరాకి పోలేదు, రైతు గడప నుంచి ఆయిల్ కంపెనీ గేటుకు పోయింది, అంతే.

మూడోది ఇథనాల్. గోధుమ, మక్క, షుగర్ బీట్ దుంప పులియబెట్టి సారా కాసినట్టే కాసి, నీళ్లు తీసేస్తే ఇథనాల్. పెట్రోల్ల కలుపుతరు. లీటరు ఇథనాల్ల పెట్రోల్ కంటె మూడో వంతు శక్తి తక్కువ. 2011ల జర్మనీల పది శాతం కలిపిన పెట్రోల్ పంపులకొస్తే జనం దాన్ని ముట్టలేదు. ఇంజన్ కరాబ్ అయితదని భయం. ఆ పంపు ఖాళీగ, పక్క పంపు కాడ లైన్లు. చివరికి బెర్లిన్ల మంత్రులు, కంపెనీలు కూసొని మాట్లాడుకోవాల్సి వచ్చింది. మన దగ్గర ఇరవై శాతం మీద మైలేజీ పడిపోతున్నదని నడుస్తున్న పంచాది యూరప్ అప్పుడే చూసింది. తేడా ఏందంటే, వాళ్లకు పక్కన పాత పెట్రోల్ పంపు మిగిలింది.

కడుపా, ట్యాంకా

ఒక లెక్క చెప్త. ఎకరం రేప్‌సీడ్ నుంచి యూరప్ల మంచి పంటకు 550 నుంచి 600 లీటర్ల బయోడీజిల్ వస్తది. పెద్ద లారీ ట్యాంకు ఒకటిన్నర, రెండు సార్లు నిండితే ఏడాది పంట అయిపోయె. ఖండం మొత్తం లారీలకు ఎన్ని ఎకరాలు కావాలె?

2007, 2008ల ప్రపంచం మీద తిండి ధరలు ఎగబాకినయి. హైతీల జనం రోడ్డెక్కితే 2008 ఏప్రిల్ల ప్రధానమంత్రి పదవే పోయింది. అంతకు కొన్ని నెలల ముందు, 2007 అక్టోబర్ల, ఐక్యరాజ్యసమితిల తిండి హక్కు మీద ప్రత్యేక ప్రతినిధిగ ఉన్న జీన్ జీగ్లర్, తిండి పంటను కాల్చి ఇంధనం చేసుడు మానవాళి మీద నేరం అన్నడు. ఐదేండ్లు ఆపుండ్రి అని అడిగిండు. ధరల పెరుగుడుల బయోఇంధనం వాటా ఎంత అన్న దాని మీద ఆర్థికవేత్తల మధ్య ఇప్పటికీ పంచాది ఉన్నది. వాటా ఉన్నదన్న దాని మీద మాత్రం పెద్ద పంచాది లేదు.

2022ల ఇది మళ్ల ముందటికొచ్చింది. ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైంది, సన్‌ఫ్లవర్ నూనె ఆగింది. జర్మనీ, స్పెయిన్ దుకాణాలల్ల మనిషికి ఇన్ని సీసాలే అని బోర్డులు పెట్టిండ్రు. అదే నెలల్ల రేప్‌సీడ్ నూనె కార్లకు పోతనే ఉన్నది. పంటల నుంచి చేసే ఇంధనం తగ్గించాలని జర్మనీ పర్యావరణ మంత్రి స్టెఫీ లెమ్కే ప్రతిపాదన పెట్టింది. అది చట్టం కాలేదు.

ఒక పొలం పచ్చ, ఇంకో పొలం బూడిద

ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరికొద్దాం. జాగ్రత్తగ చదవుండ్రి, ఇది అర్థమైతే మిగిలినదంత అర్థమైతది.

2009 చట్టంల ఒక మంచి షరతు పెట్టిండ్రు. 2008 జనవరి తర్వాత అడవి నరికిన భూమిల పండిన పంట లెక్కకు రాదు అని. పత్రాలుండాలె, తనిఖీ ఉండాలె. వినడానికి బాగుంది. కని షరతు ఆ ఒక్క పొలానికే. జర్మనీల ఒక పాత పొలం ఉన్నదనుకోండ్రి, అడవి నరికింది కాదు. దాని రేప్‌సీడ్ నూనె మొన్నటి దాక బిస్కెట్ల ఫ్యాక్టరీకి పోయేది. ఇప్పుడు ట్యాంకుకు పోతున్నది. పత్రం సరిగ్గనే ఉన్నది, పచ్చ ముద్ర పడ్డది. బిస్కెట్ల ఫ్యాక్టరీ మూసుకుంటదా? లేదు, పామాయిల్ కొంటది. పామాయిల్ గిరాకి పెరిగితే ఇండోనేషియాల ఇంకొంత అడవి పోతది, తడి పీట్ నేలలు ఎండబెట్టి కాలుస్తరు. ఆ పొగ జర్మనీ పొలం ఖాతాల ఎవరు రాస్తరు? ఎవరూ రాయరు. దీన్ని పరోక్ష భూమి మార్పు అంటరు. మనూర్ల ఒకని బాయిల నీళ్లు తోడితే పక్కోని బోరు ఎండినట్టు.

ఈ లెక్క కట్టుమని యూరోపియన్ కమిషనే ఒక అధ్యయనం చేయించింది. అది 2016ల బయటికొచ్చింది. పామాయిల్ డీజిల్‌కు భూమి మార్పు వల్ల వచ్చే కార్బన్ ఒక్కటే తీసుకున్నా, మామూలు డీజిల్ మొత్తం కాలుష్యానికి రెండింతలకు పైనే ఉన్నదని తేలింది. అంటె వాతావరణం కాపాడుతమని పైసలు కట్టి వాతావరణాన్నే ఇంకింత పాడుచేసుకున్నట్టు.

అందుకని చట్టాలు తిరగరాసిండ్రు. 2015ల తిండి పంటల ఇంధనానికి 7 శాతం పైకప్పు పెట్టిండ్రు. 2018 చట్టం, దాని వెంబడి వచ్చిన 2019 నిబంధన పామాయిల్‌ను ఎక్కువ ప్రమాదం ఉన్న ముడిసరుకుగ తేల్చి, 2030 కల్ల లెక్కల నుంచి సున్నాకు తేవాలన్నయి. ఇండోనేషియా, మలేషియా ప్రపంచ వాణిజ్య సంస్థకు ఎక్కినయి. మీ రేప్‌సీడ్ రైతును కాపాడుకునేటందుకే మా పంటను దొంగ జేసిండ్రు అన్నయి. అండ్ల కొంత నిజం లేకపోలేదు. 2018 జూన్ల ఫ్రాన్స్ రైతు సంఘం మనుషులు ట్రాక్టర్లతో రిఫైనరీలు, ఇంధన డిపోలు దిగ్బంధం చేసిండ్రు. లా మేడ్ల టోటల్ కంపెనీ పెట్టే ప్లాంటుకు పామాయిల్ తెస్తమంటే మా రేప్‌సీడ్ ఏం గావాలె అని. అదే ఏడాది చివర్ల ఫ్రెంచి పార్లమెంటు పామాయిల్‌కున్న పన్ను మినహాయింపు తీసేస్తమని ఓటేసింది. అడవిని కాపాడింది పర్యావరణ సంఘాలా, ట్రాక్టర్లా? నన్నడిగితే రెండూ. కని ట్రాక్టర్ చప్పుడే మంత్రులకు ముందు వినపడ్డది.

ఒక లీటరు రెండు లీటర్లయిన కత

పంట తగ్గించాలె, గురి మాత్రం తగ్గించొద్దు. మరి నూనె ఎక్కడి నుంచి? చెత్త నుంచి, అన్నరు. చట్టం వెనుక జాబితాల రెండు భాగాలు చేసిండ్రు. ఒక దాంట్ల గడ్డి, పేడ, అడవి మిగులు అసొంటివి. ఇంకో దాంట్ల వాడిన వంటనూనె, తినడానికి పనికిరాని జంతువుల కొవ్వు. వీటితో చేసిన ఇంధనం ఒక లీటరుంటె రెండు లీటర్లుగ లెక్కగట్టుకోవచ్చు. చాలా దేశాలు ఈ ఇంతకింత లెక్కను వాడుకున్నయి. ఆయిల్ కంపెనీ వైపు నుంచి చూడుండ్రి: వంద లీటర్లు కలపాల్సిన కాడ వాడిన నూనెతో చేసింది యాభై కలిపితే చాలు. మరి ఆ యాభైకి ఎక్కువ ధర పెట్టదా? పెడ్తది. పాత నూనె పిరం అయిందంటే ఇగో, ఇక్కడ అయింది.

యూరప్ హోటళ్ల నూనె సరిపోలేదు. ఇప్పుడు వాళ్లు వాడే పాత నూనెల చాలా మట్టుకు బయటి నుంచే వస్తది, అండ్ల చైనాదే పెద్ద వాటా. ఇగ ఇక్కడ ఒక దొంగ తలుపు తెరుచుకున్నది. తాజా పామాయిల్ కొంత పాత నూనెల కలిపి మొత్తం పాతదే అని రాస్తే? కొన్నది అగ్గువకు, అమ్మింది పిరానికి. ల్యాబుల పరీక్ష చేసి తాజాది ఎంత, పాతది ఎంత అని గట్టిగ తేల్చుడు కష్టం. అందుకని నమ్మకమంత కాగితం మీదనే. ఆ కాగితం ఇచ్చేది ప్రైవేటు ధ్రువీకరణ సంస్థలు, తనిఖీ చేసెటోని ఫీజు కట్టేది తనిఖీ అయ్యెటోడే. 2016లనే యూరోపియన్ ఆడిటర్ల కోర్టు ఈ ధ్రువీకరణ పద్ధతి పూర్తిగ నమ్మదగ్గది కాదని రాసింది. 2023 డిసెంబర్ల మళ్ల రాసింది, బయోఇంధనాల బాట ఎటు పోతున్నదో స్పష్టత లేదని. పీపా పుట్టిన కాడ నుంచి పంపు దాక జాడ తెలుసుకునే డేటాబేస్ మొదలైంది 2024 జనవరిల. అంటె ఇరవై ఏండ్లు గుడ్డిగనే నడిచిందన్నట్టు.

కొవ్వు కత ఇంకా విచిత్రం. మ్యాడ్ కౌ జబ్బు తర్వాత యూరప్ల పశువుల కొవ్వును మూడు తరగతులు చేసిండ్రు. ఒకటి, రెండు తరగతులు దాణాకు పనికిరావు, ప్రమాదం. మూడోది మంచిది, సబ్బులకు, పెంపుడు జంతువుల తిండికి పోతది. ఇంతకింత లెక్క వచ్చేది చెడ్డ కొవ్వుకే. మంచి కొవ్వును చెడ్డదని రాయించుకుంటె లాభం వచ్చే పద్ధతిని చట్టమే పెట్టింది. సబ్బుల కంపెనీకి కొవ్వు దొరకకుంటె ఏం కొంటది? మళ్ల పామాయిలే. తిరిగి తిరిగి ఎడ్లబండి అదే గుంతల పడ్డది.

చైనా బయోడీజిల్ అగ్గువకు దింపి మా ప్లాంట్లు మూయిస్తున్నదని యూరప్ తయారీదార్లు మొత్తుకుంటె 2024 ఆగస్టుల తాత్కాలిక సుంకాలు వేసిండ్రు, 2025 ఫిబ్రవరిల ఖాయం చేసిండ్రు, కంపెనీని బట్టి 10 నుంచి 35.6 శాతం. అంతకు ముందు ఇట్లనే అమెరికా మీద 2009ల, అర్జెంటీనా, ఇండోనేషియా మీద 2013ల వేసిండ్రు. ఇటు చైనా 2024 డిసెంబర్ల పాత నూనె ఎగుమతి మీద ఇచ్చే పన్ను వాపసు తీసేసింది. ఇండోనేషియా 2025 జనవరిల ఎగుమతుల మీద కట్టడి పెట్టింది. మన నూనె మన విమానాలకే అని ఎవరి లెక్క వాళ్లు మొదలుపెట్టిండ్రు.

విమానాలు ఎందుకంటే, కారుకు బ్యాటరీ ఉన్నది, పెద్ద విమానానికి లేదు. యూరప్ విమానాశ్రయాలల్ల అందించే ఇంధనంల 2025 నుంచి 2 శాతం, 2030 నుంచి 6 శాతం, 2050 కల్ల 70 శాతం పచ్చ ఇంధనం ఉండాలె అని చట్టం. తిండి పంటలు అండ్ల కుదరవు. ఇప్పుడు ఆ ఇంధనంల ఎక్కువ భాగం వాడిన నూనె, కొవ్వు నుంచే. ప్రపంచంల ఎన్ని బజ్జీలు ఏగాలె చెప్పుండ్రి, అన్ని విమానాలు ఎగరాలంటే!

గడ్డి నుంచి పెట్రోల్: చెప్పుడు అల్కగ, చేసుడు బరువు

జాబితాల మొదటి భాగం ఉన్నది కదా, గడ్డి. తిండితో పంచాది లేదు, అడవి నరకక్కర లేదు. ఇరవై ఏండ్లుగ ప్రతి మీటింగుల ఇదే ఆశ. గడ్డిల సుత చక్కెరనే ఉన్నది, కని గట్టి పీచుల కట్టేసి ఉన్నది. ఆవు కడుపుల సూక్ష్మజీవులు దాన్ని మెల్లగ విప్పుతయి. ఫ్యాక్టరీల ఆవిరితో ఉడికించి, ఎంజైములు పోసి, గంటలకొద్ది పని చేయాలె. ఎంజైములు పిరం. గడ్డి అయితే తేలిక, జాగ ఎక్కువ తింటది, తెచ్చుడే పెద్ద ఖర్చు, వానకు తడిస్తే ఖతం.

ఇటలీల క్రెసెంతీనోల 2013ల పెద్ద ప్లాంటు తెరిచిండ్రు, 2017ల ఆగింది, తర్వాత ఎని కంపెనీ చేతికి పోయింది. రొమేనియాల పొదారి కాడ స్విస్ కంపెనీ క్లారియంట్ ఇంకోటి కట్టింది. ఏడాదికి రెండున్నర లక్షల టన్నుల గడ్డి, 50 వేల టన్నుల ఇథనాల్ అని లెక్క. 2021ల కట్టుడు పూర్తయింది, 2023 డిసెంబర్ల మూసేస్తమని ప్రకటించిండ్రు. యంత్రం అనుకున్నట్టు నడవలే. ఇది నవ్వుకునే ముచ్చట కాదు. మన దగ్గర వరి కొయ్యలు కాల్చుకుంట పొగల నిలబడెటోళ్లం, ఇది నడిచుంటె మనకే మస్తు పనికొచ్చేది.

నడిచింది ఏందంటే, మనకు తెలిసిందే, గోబర్ గ్యాస్. డెన్మార్క్‌ల పందుల, ఆవుల పేడ, తిండి మిగులు పెద్ద ట్యాంకుల పులియబెట్టి, వచ్చిన గ్యాస్ శుద్ధి చేసి దేశం పైపులల్ల ఎక్కిస్తరు. ఇప్పుడు వాళ్ల గ్యాస్ పైపుల పారేదాంట్ల దాదాపు 40 శాతం ఇదే. మిగిలిన స్లర్రీ మళ్ల పొలానికే ఎరువు. జర్మనీ ఇదే పని మక్క చొప్పతో చేయబోయింది. మంచి సబ్సిడీ ఉండంగనే కొన్ని జిల్లాలల్ల ఎటు చూసినా మక్కనే అయింది, కౌలు ధరలు పెరిగి పాడి రైతులకు భూమి దొరకలే. 2012ల మక్క 60 శాతం దాటొద్దని మూత పెట్టాల్సి వచ్చింది. ట్యాంకు అదే, సూక్ష్మజీవి అదే. లోపల ఏం పోసినమన్నదే తేడా.

కలం పోటుకు కూలే అంగడి

చట్టం కట్టిన మార్కెట్ చట్టం మారితే కూలుతది. స్వీడన్ డీజిల్ల కార్బన్ 30.5 శాతం తగ్గించాలని కట్టడి పెట్టి, యూరప్‌కే ముందు నడిచింది. పంపు ధర పెరిగింది, ఊర్ల జనం మండిపడ్డరు, 2022ల ఎలక్షన్ల అదే ముచ్చట. సర్కారు మారింది. 2024 జనవరి నుంచి ఆ కట్టడిని 6 శాతానికి దింపిండ్రు. రోటర్‌డ్యామ్ల షెల్ కంపెనీ ఏడాదికి 8 లక్షల 20 వేల టన్నుల ప్లాంటు కడుతుండె, 2024 జూలైల పని ఆపింది, 2025 సెప్టెంబర్ల మొత్తానికే వదులుకున్నది. కంపెనీ పుస్తకాలల్ల నష్టం రాసుకొని బయటపడ్తది. అదే గురిని నమ్మి రేప్‌సీడ్ వేసిన రైతు, గానుగ పెట్టుకున్న మనిషి ఏ పుస్తకంల రాసుకోవాలె?

ఇప్పుడు మన కాడికి. పెట్రోల్ల 20 శాతం ఇథనాల్ అన్న గురిని 2030 నుంచి 2025కు జరిపిండ్రు, చేరుకున్నమని ప్రకటించిండ్రు. 2023 జూలైల బియ్యం కొరత భయంతో ఎఫ్‌సీఐ బియ్యం ఇథనాల్‌కు ఇచ్చుడు ఆపిండ్రు. తర్వాత గోదాములు నిండినయని 2024-25కు 52 లక్షల టన్నులు కేటాయించిండ్రు, క్వింటాల్ 2,250 రూపాయలకు. మక్కలు ఎగుమతి చేసే దేశం 2024ల దిగుమతి చేసుకునే దేశమైంది. క్వింటాల్ మక్కలకు దాదాపు 38 లీటర్ల ఇథనాల్ వస్తది. మక్క ధర పెరిగితే రైతుకు మంచిదే, నేనూ కాదనను. అదే మక్క కొనే కోళ్ల ఫారం మనిషిని అడిగితే ఇంకో కత చెప్తడు. చిత్తనూర్ల, దిలావర్‌పూర్ల, పెద్దధన్వాడల జనం రోడ్డెక్కింది నీళ్ల కోసం, గాలి కోసం, భూమి కోసం. వాళ్లను అభివృద్ధికి అడ్డం అన్నరు.

యూరప్ కత చదివినంక నాకైతే మన ఊర్లకొచ్చే ప్రతి ఫ్యాక్టరీని మూడు ముచ్చట్లు అడగాలనిపిస్తది. లోపల ఏం పోస్తరు? అది ఇన్నాళ్లు తిన్నోళ్లు, వాడుకున్నోళ్లు రేపటి నుంచి ఏం కొంటరు? పచ్చది అని ముద్ర వేసెటోనికి ఫీజు ఎవరు కడ్తరు? గ్రామసభల మైకు ఇచ్చినప్పుడు ఉద్యోగాలెన్ని అని మాత్రమే అడిగి కూసుంటున్నం. ప్రాజెక్టు రిపోర్టుల ముడిసరుకు పేజీ ఒకటి ఉంటది. నీళ్ల పేజీ ఇంకోటి ఉంటది. ప్రజాభిప్రాయ సేకరణకు ముందే వాటి తెలుగు సారాంశం ఊరికి అందుబాటుల పెట్టాలె. ఫోన్ల ఫొటో కొట్టి గ్రూపుల పెట్టండ్రి, అందరం కలిసి చదువుదాం.